ముందు వరసలో మధ్య కుర్చీ

ఆ రోజు నన్నెవరూ తాళ్ళతో కట్టెయ్యలేదు. గదిలో తోసి గొళ్ళెం పెట్టలేదు. మత్తుమందు చల్లిన జేబురుమాలేదీ నా ముక్కు దగ్గరికి రాలేదు. నా కాళ్ళతో నేనే మేడమెట్లెక్కి, నా చేత్తో నేనే కుర్చీ లాక్కుని, దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. మధ్యమధ్యలో చప్పట్లు కూడా కొట్టాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. ఎందుకంటే ఇక మీదట నేను ఇంకొకడి మీద చాలా కోప్పడబోతున్నాను, నన్ను చూసి పాపం అమాయకుడు అనుకునే ప్రమాదం ఉంది. అమాయకుణ్ణి కాదు, తెలివితక్కువవాణ్ణి. అమాయకుడికి జరుగుతున్నది తెలీదు. నాకు తెలుస్తూనే ఉంది.

ఊళ్ళన్నీ కంప్యూటర్ల మీద పడ్డ రోజులవి. మా విజయనగరంలో టైపు నేర్పే మేడ మీద కూడా రాత్రికి రాత్రి జావా బోర్డు వెలిసింది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి, అంటే ఆ రోజుల్లో ఎవరికీ అక్కర్లేని సరుకు అమ్మేవాణ్ణి. షోలాపూర్లో మా బావమరిది కొత్తిల్లు కట్టుకున్నాడు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని వారం ముందే వెళ్ళిపోయింది. వెనకాల నేనొక్కణ్ణే, గృహప్రవేశానికి కొన్న ఇత్తడి బిందె మోసుకుంటూ బయల్దేరాను. సికింద్రాబాద్‌లో పొద్దున్న ఎనిమిదింటికి దిగి, సాయంత్రం నాలుగున్నరకి ఇంకో రైలెక్కాలి. ఇంతకన్నా తొందరగా చేరే దారి లేక కాదు. మెట్టుగూడలో మా మాస్టారున్నారు కాబట్టి కావాలనే అలా పెట్టుకున్నాను.

మా మిషన్ స్కూల్లో ఆయన తెలుగు మాస్టారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవారు, సోమవారం క్లాసులో పద్యం చదివేవారు, రెండూ ఒకే గొంతుతో. కానీ నాకు గుర్తున్నది పద్యం కాదు, హాజరు పిలవడం. నాది చాలా మామూలు పేరు. మా క్లాసులోనే ఆ పేరుగలవాళ్ళం ముగ్గురం. మిగతా మాస్టార్లు ఇంటిపేరు తగిలించి పిలిచేవారు. ఆయనకా అవసరం ఉండేది కాదు. అదే పేరుని మూడు రకాలుగా పలికేవారు, ఎవర్ని పిలిచారో తలెత్తకుండానే తెలిసిపోయేది. నా పేరు చివర కాస్త సాగదీసి, అక్కడ ఏదో మంచి వార్త ఉన్నట్టు ఆపేవారు. ఆ తర్వాత ఎవరూ నన్నలా పిలవలేదు.

వాళ్ళమ్మాయి ఉత్తరం రాసింది. మాస్టారి గొంతులో కేన్సర్. స్వరపేటిక తీసేస్తారు, ఆపరేషన్ తర్వాత ఇక మాట ఉండదు. "ఆపరేషన్‌కి ముందు రోజు పొద్దున్న మా సంఘం వాళ్ళు ప్రార్థనకి వస్తారు, మీరు పదకొండు దాటాక రండి. ఒంటిగంటకి నాన్నగారిని ఆసుపత్రిలో చేర్పించాలి. చేర్పించాక ఎవర్నీ చూడనివ్వరట" అని రాసింది. నేను సికింద్రాబాద్‌లో దిగేది సరిగ్గా ఆ రోజే. పదకొండు నుంచి ఒంటిగంట. రెండు గంటలు. నాకు రెండు నిమిషాలు చాలు. ఆయన గొంతులో నా పేరు ఒక్కసారి వినాలి, అంతే. నలభై ఏళ్ళు దాటినవాడు పైకి చెప్పుకునే కోరిక కాదు గనక మా ఆవిడక్కూడా చెప్పలేదు.

స్టేషన్లో సామాను దాచే గది కిటికీ దగ్గర మొదటి ఎదురుదెబ్బ తగిలింది. "తాళం లేని సామాన్ తీస్కోం సార్" అన్నాడు లోపలి మనిషి. నాదేమో గుడ్డసంచి, అందులోంచి బిందె మెడ బయటికి పొడుచుకొచ్చి అతన్ని చూస్తోంది. దీనికి తాళం ఎక్కడ వెయ్యను, మెళ్ళోనా? అలా నిలబడి ఆలోచిస్తుంటే వెనకాల ఒక గొంతు వినబడింది.

"ఏటండీ, తాళం లేదని ఒద్దంటన్నాడేటి?"

ఆ 'ఏటి' ఒక్కటి చాలు. మావాళ్ళు హైదరాబాద్ వచ్చిన నెల్లాళ్ళకే యాసని పెట్టెలో పెట్టి తాళం వేసేస్తారు, ఎవరైనా నవ్వుతారని. అలాంటిది ఒకడు నలుగురిలో నిలబడి 'ఏటి' అన్నాడంటే వాడు మనసులో ఏదీ దాచుకోని మనిషని మాకొక నమ్మకం. నేను గిర్రున తిరిగాను. ముప్ఫై ఏళ్ళవాడు. తెల్లచొక్కా, ఎర్ర టై, చేతిలో హెల్మెట్. ఎవర్నో రైలెక్కించి వస్తున్నాడట.

"మనది విజీనారం సైడేనేటండి? మాది గజపతినగరం. మీరు మాస్టారే అయ్యుంటారు, మొకం సూస్తే తెలిసిపోతంది!"

నా మొహం చూస్తే ఏం తెలిసిందో నాకిప్పుడు బాగా అర్థమవుతోంది. అప్పుడు మాత్రం పొంగిపోయాను. పదకొండింటికి మెట్టుగూడ వెళ్ళాలని, ఎందుకు వెళ్ళాలో కూడా, మొత్తం చెప్పేశాను. అతను చాలా బాధపడ్డాడు. నిజంగానే పడ్డాడు, అందులో అబద్ధం లేదు.

"అంతవరకూ ఈ బిందె పట్టుకుని ఇక్కడేటి సేస్తారు గురువుగారూ? పదింటికి మాదో చిన్న ప్రోగ్రాముంది. పది నిమిషాలు కూకుంటే అయిపోద్ది. మెట్టుగూడ దార్లోనే, నేనే దింపీసి వస్తాను. నాది మాట."

టిఫిన్ పెట్టించాడు. మాస్టారికి బత్తాయిలు కొనాలంటే మోండా మార్కెట్లో బండి ఆపి, తనే వంగి ఒక్కొక్క కాయా నొక్కి చూసి ఏరాడు. గొంతు బాగులేని మనిషికి రసం ఉండాలి కదండీ అన్నాడు. అంత సాయం చేసిన మనిషికి పది నిమిషాలు ఇవ్వకపోతే ఏం బావుంటుంది? ఇదిగో, ఈ 'ఏం బావుంటుంది' అన్న దగ్గరే మా ప్రాంతపువాళ్ళ పుట్టి మునుగుతూ ఉంటుంది.

స్కూటర్ మీద ఇద్దరి మధ్యా బిందె. కొంతదూరం పోయాక అతను ఎడంచేత్తో చూపించి, "అదిగో, అదే మెట్టుగూడ" అన్నాడు. బండి మాత్రం ఆపలేదు. దార్లోనే అంటే దారిలో పడి దాటిపోయేది అని నేను గ్రహించేసరికి మెట్టుగూడ వెనక్కి వెళ్ళిపోయింది. "తిరిగొచ్చినప్పుడు దింపీస్తాను కదండీ" అన్నాడు గాలిలోకి. నేను "అలాగే" అన్నాను. అక్కడ నేను 'ఆపు' అని ఉండాల్సింది. రెండే అక్షరాలు. తెలుగు మాస్టారిని, రెండక్షరాలు దొరకలేదు.

ఏ.ఎస్. రావు నగర్లో ఒక ఫంక్షన్ హాలు, మేడ మీద. మెట్ల దగ్గర టైలు కట్టుకున్న నలుగురు వరసగా నా చెయ్యి పట్టుకుని ఊపారు. నా పెళ్ళిలో కూడా నా చేతికి అంత పని పడలేదు. సంచి పుచ్చుకుని పక్కగదిలో పెట్టి తాళం వేసుకున్నారు. "చేతిలో సామాను ఉంటే మనసు సామాను మీదే ఉంటుంది సార్" అని ఒకతను నవ్వాడు. బత్తాయిల సంచి ఒక్కటే ఒళ్ళో పెట్టుకోనిచ్చారు. కొత్తవాళ్ళకి గౌరవమట, ముందు వరస. అందులోనూ సరిగ్గా మధ్య కుర్చీ.

కోటు వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని "ఎలా ఉన్నారు?" అని అరిచాడు. హాలంతా "సూపర్!" అని అరిచింది. ఈ-కామర్స్ అన్నాడు. ఏ కామర్సో చెప్పలేదు. నెట్‌వర్క్ అన్నాడు. నెట్టు అంటే వల అని పిల్లలకి అర్థం చెప్పేది నేనే, ఇక్కడ వలలో కూర్చుని వల గురించి శ్రద్ధగా వింటున్నాను. తర్వాత బోర్డు మీద ఒక సున్నా గీసి, దాని కింద రెండు, వాటి కింద నాలుగు, ఇలా గీసుకుంటూ పోయాడు. ఒక మనిషి ఇద్దర్ని చేర్చాలి, ఆ ఇద్దరూ తలా ఇద్దర్ని చేర్చాలి, అందరూ కోటీశ్వరులవ్వాలి. ఆ సున్నాలన్నిటికీ అడుగున, బోర్డు అంచు దగ్గర, సగం చెరిగిపోయి ఉన్నవాణ్ణి నేనే అని తెలుస్తూనే ఉంది.

పది నలభైకి నా గడియారం చూసుకున్నాను. పదకొండున్నరకి పక్కనున్న నా గజపతినగరం వాడి చెవిలో "బాబూ, నేను వెళ్ళాలి" అన్నాను.

"అయిపోద్ది గురువుగారూ. మజ్జిలో లేస్తే మా పెద్దసారు ఫీలవుతారు. నా గెస్టని చెప్పీసేను."

మొహమాటం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, అందులో మొహమూ ఉంది, మాటా ఉంది, రెండూ ఎప్పుడూ కలవవు. నా నోరు వెళ్ళాలి అంటోంది, నా మొహం ఆ కోటాయన్ని చూసి తలూపుతోంది. ఆయన కూడా ఏం ఖర్మో నన్నొక్కణ్ణే చూస్తూ మాట్లాడుతున్నాడు. లేవాలంటే ఇటు ఆరుగురు, అటు ఆరుగురు మోకాళ్ళు ముడుచుకోవాలి. అందరూ చూస్తారు. పక్కవాడి పరువు పోతుంది. జీవితంలో మళ్ళీ చూడబోని మనుషుల మొహాలు చిన్నబోకూడదని, నాకు అక్షరం చెప్పిన మనిషిని అక్కడ ఎదురుచూడనిచ్చాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పన్నెండింటికి తెగించి, సంచి ఇప్పించమన్నాను. గది తాళం పెద్దసారు జేబులో ఉందిట. పెద్దసారంటే ఆ కోటాయనే, స్టేజీ మీదున్నారు. చివరికి పన్నెండూ ముప్పావుకి, అందరూ లేచి నిలబడి పాటకి చప్పట్లు కొట్టాలన్నారు. అందరూ లేచారు గనక నేను లేవడం ఎవరికీ కనబడలేదు. నా ధైర్యం ఆపాటిది. బిందె పోతే పోయిందని బత్తాయిల సంచితో తలుపు తోసుకుని కిందికి పరిగెత్తాను.

ఆటో అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏంది సార్, గంత పరేషాన్ల ఉన్నరు?"

"ఒంటిగంట లోపల మెట్టుగూడ చేరాలి బాబూ."

"ఒంటిగంటకా? ఇప్పుడే ఐదు తక్కువుంది. విమానమైతే పోతది. మనది ఆటో." అని, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, జెర గట్టిగ పట్టుకోండ్రి" అని నిజంగానే గట్టిగా తోలాడు. దారి పొడుగునా ఎవర్నెవర్ని తిట్టాడో లెక్కలేదు. ఆ తిట్లన్నీ నాకే వర్తిస్తాయనిపించింది.

ఒంటిగంటా ఇరవైకి చేరాను. ఇంటికి తాళం వేసి ఉంది. గేటు లోపల ఒక ప్లాస్టిక్ కుర్చీ, రోడ్డు వైపు తిప్పి. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి, "విజయనగరం నుంచి వచ్చే సార్ మీరేనా?" అంది.

అవునన్నాను.

"గిప్పుడే పోయిన్రన్నా, పది నిమిషాలు సుత కాలే. పెద్దాయన పదకొండు కొట్టంగనే బయటికొచ్చి కుర్సీ ఏస్కొని కూసున్నడు. ఎండల ఏందయ్యా, లోపట కూసో అంటే ఇంటలేడు. బిడ్డ లేటయితున్నదని ఒక్కటే మొత్తుకుంటున్నది, గీయన ఏమో ఇంకొంచెం, ఇంకొంచెం అని చేత్తోని చెప్తుండు."

"చేత్తోనా? మాట పోయిందామ్మా అప్పుడే?"

"లే లే. మాటున్నది. పొద్దుగాల్నుంచి ఎవ్వల్తోని మాట్లాడలే. ప్రార్థనకొచ్చినోళ్ళతోని సుత మాట్లాడలే. రెండు మాటలకే గొంతు నొస్తదంట గదా. మీరొస్తరని దాస్కున్నడు." ఆవిడ కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "గీ చీటీ మీకియ్యమన్నడు."

మాస్టారి గుండ్రటి అక్షరాలు. పైన నా పేరు. కింద ఇంతే: "రైలు ఆలస్యమై ఉంటుంది. పాపం, ఎంత కంగారు పడుతున్నావో. పరవాలేదు. భోజనం చేసి వెళ్ళు."

రైలు సరిగ్గా ఎనిమిదింటికే వచ్చింది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. ఆ సంగతి నేను మాస్టారికి ఏనాడూ చెప్పలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆయన ఇంకో ఎనిమిదేళ్ళు బతికారు, నెలకో ఉత్తరం రాసేవారు. ప్రతి ఉత్తరం మీదా నా పేరు ఉండేది, అందంగా. నాకు కావలసింది అది కాదు.

బత్తాయిలు పక్కింటావిడకి ఇచ్చి, ఆ కుర్చీ కేసి చూడలేక రోడ్డు మీదికొచ్చాను. అప్పుడొచ్చింది కోపం. నాకు కోపం రావడం చాలా అరుదు, వచ్చినా ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఎవడి మీద ఇది? మోసం చేశాడందామంటే ఆ గజపతినగరం వాడు నన్ను మోసం చెయ్యలేదు. ఆ సున్నాలని వాడు నిజంగా నమ్మాడు. వాడి అసలు నేరం ఏమిటంటే, నేనెందుకు వచ్చానో అంతా విని, బాధపడి, బత్తాయిలు ఏరి, ఆ తర్వాత కూడా 'అయిపోద్ది' అనగలగడం. ఒక మనిషి చివరి మాట కన్నా పెద్దసారు ఫీలవడం వాడికి ముఖ్యం. అలాంటివాడి పరువు కోసం నేను కూర్చోవడం నా నేరం. చీటీని జేబులో పెట్టుకుని తిట్టుకుంటూ నడిచాను. కూడలి దగ్గర జేబు తడుముకుంటే, రైలు టికెట్టు బిందెలో ఉందని గుర్తొచ్చింది. మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

రెండుంపావుకి హాల్లోకి అడుగుపెట్టాను. మధ్యాహ్నం బ్యాచి. కొత్త జనం, అదే బోర్డు, అవే సున్నాలు. ముందు వరసలో నా గజపతినగరం వాడు, పక్కన ఇంకో కొత్త గెస్టు. పొద్దున్న నేను కూర్చున్న కుర్చీలో ఒక నడివయసు ఆడమనిషి, మాటిమాటికీ గోడగడియారం చూస్తోంది. నన్ను చూడగానే మావాడి మొహం వెలిగిపోయింది. కోటాయనకి సైగ చేశాడు. ఆయన మైకు ఎత్తాడు.

"చూడండి ఫ్రెండ్స్! పొద్దున్న సెషన్ చూసి వెళ్ళిన గురువుగారు, విజయనగరం నుంచి, మళ్ళీ వచ్చారు! ఎవరైనా పిలిచారా? లేదు! ఆయనంతట ఆయనే వచ్చారు! రండి సార్, మీ ఫీలింగ్ షేర్ చేసుకోండి!"

చప్పట్లు. ఎవరో వెనకనుంచి నెట్టారు. నెట్టువర్క్ అంటే అదే గాబోలు. స్టేజీ ఎక్కాను, మైకు నా చేతిలో పెట్టారు. ఇరవయ్యేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడి మాట్లాడుతున్నవాణ్ణి, మైకు పట్టుకోవడం మాత్రం అదే మొదలు.

"నమస్కారం," అన్నాను. "నేను పొద్దున్న ఇక్కడే, ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నాను. అదే సమయంలో మెట్టుగూడలో మా మాస్టారు నా కోసం గేటు దగ్గర కూర్చున్నారు. రేపు ఆయన గొంతు తీసేస్తారు. ఈ రోజు నన్ను పేరు పెట్టి పిలవడానికి పొద్దుట్నించీ ఎవరితోనూ మాట్లాడకుండా మాట దాచుకున్నారు. నేను వెళ్ళలేకపోయాను. నన్నెవరూ ఆపలేదు. లేస్తే వీళ్ళేమనుకుంటారో అని లేవలేదు."

కోటాయన చెయ్యి చాచి, "థాంక్యూ సార్, చాలా ఎమోషనల్‌గా…" అన్నాడు. నేను మైకు రెండో చేతిలోకి మార్చుకున్నాను.

"మీలో ఎవరికోసమైనా ఎక్కడైనా ఎవరైనా ఎదురుచూస్తుంటే, లేచి వెళ్ళిపోండి. ఆ తలుపుకి తాళం లేదు, నేను చూశాను, తోస్తే వస్తుంది. వీళ్ళు ఫీలవుతారు. ఫీలవనివ్వండి. మీకు సిగ్గుగా ఉంటే నా వైపు చూడండి, అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి, మీరు లేచింది ఎవరికీ కనబడదు. నాకేం తొందర లేదు. మీరు లేచేదాకా నిలబడతాను."

నిజంగానే నిలబడ్డాను. ఒక నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత నా కుర్చీలో ఉన్న ఆవిడ లేచింది.

"జెర జరుగుండ్రి. మా పొల్ల బడికెళ్ళి వచ్చే యాళ్లయింది, గంటసేపట్నుంచి చెప్తున్న, ఇంటలేరు."

ఆరుగురు మోకాళ్ళు ముడుచుకున్నారు. ఏ ఆకాశమూ ఊడిపడలేదు. ఆవిడ వెనకాల ఒక ముసలాయన మందుల షాపు మూసేస్తారంటూ లేచాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఏదీ చెప్పకుండా లేచారు. మూడో వరసలో భార్యాభర్తలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, ఎవరు ముందు లేవాలో తేలక, ఇద్దరూ ఒకేసారి లేచారు. పెద్దసారు హడావిడిగా నా పక్కకొచ్చి సామాను గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "ప్లీజ్ సార్, మీ లగేజ్ తీసుకోండి" అన్నాడు. పన్నెండింటికి అడిగితే రానిది ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. జేబులో వేసుకుని, అక్కడే నిలబడ్డాను.

హాలంతా ఖాళీ అయిందని చెప్పను, అది అబద్ధం. వెనక సగం మంది అలాగే కూర్చున్నారు, నాలాంటివాళ్ళు. కానీ ముందు వరస మొత్తం వెళ్ళిపోయింది, కొత్త గెస్టుతో సహా. అక్కడ ఎర్ర టై ఒక్కటే మిగిలింది. అతను అటూ ఇటూ చూసి, హెల్మెట్ తీసుకుని మెల్లగా లేవబోయాడు.

"మీరు కూర్చోండి బాబూ," అన్నాను మైకులో, ఎంతో మర్యాదగా. "మధ్యలో లేస్తే నేను ఫీలవుతాను."

అందరూ అతని వైపు తిరిగారు. కూర్చున్నాడు.